బజర్ మీద వేలు

జూన్ 9

కండెకి,

అంతా క్షేమం అని మొదలుపెట్టాలి గాని, క్షేమం కాదు కాబట్టి అది వదిలేస్తున్నాను.

మీ అమ్మమ్మ మొన్న మళ్ళీ బయటికి వెళ్ళిపోయింది. ఇంకా తెల్లారలేదు. లేచి, తల దువ్వుకుని, ఖాళీ టిఫిను డబ్బా చేత్తో పట్టుకుని మిల్లుకి బయలుదేరింది. మిల్లు మూతపడి పదకొండేళ్ళు. ఆ సంగతి ఆవిడ బుర్రలోంచి జారిపోయింది. మొదటి షిఫ్టుకి ఆలస్యమైపోతోందన్నది మాత్రం గట్టిగా నిలిచిపోయింది. నేను లేచేసరికి పక్క ఖాళీ. పాలవాడు వంతెన దగ్గర చూసి వెనక్కి తీసుకొచ్చాడు. కాళ్ళకి చెప్పులు కూడా లేవు.

ఇది రెండోసారి. మీ అమ్మ నర్సు కదా, మనుషుల్ని మంచాల లెక్కన చూస్తుంది. వచ్చి నిలబడి, ఇంకొక్కసారి ఇలా జరిగితే అమ్మని వృద్ధుల ఆశ్రమంలో పెట్టేస్తానంది. అక్కడ తలుపులకి తాళాలుంటాయట. యాభై రెండేళ్ళు చూసుకున్నవాణ్ణి, ఇప్పుడు చేతకాకుండా పోయానా అని అడిగాను. "నువ్వు నిద్రపోతే ఎవరు చూస్తారు నాన్నా?" అంది.

ఇంటికీ తాళం వేసి చూశాను. ఒక రాత్రి వేశాను. తలుపుకి తల బాదుకుంది. మళ్ళీ వెయ్యను.

నువ్వు అక్కడ చదువుతున్నది బుర్ర ఉన్న చిన్న చిన్న బోర్డుల గురించేనని మీ అమ్మ చెప్పింది. తలుపు తెరుచుకుంటే నాకు తెలిసేలా ఏదైనా చేసి పెట్టు. ఎలా బిగించాలో రాస్తే నేనే బిగించుకుంటాను. ముప్పై ఎనిమిదేళ్ళు మగ్గాలు బిగించిన చేతులివి.

ఫోను చెయ్యకు. ఫోనులో మాట గాలికి పోతుంది. కాగితం మీదైతే నాలుగుసార్లు చూసుకోవచ్చు. నాది మూడో తరగతి చదువు. తప్పులుంటే దిద్దుకుని చదువుకో.

రాసింది,
ఫిట్టర్ తాతయ్య

&nbsp;

జూన్ 17

తాతయ్యా,

నీ ఉత్తరం హాస్టల్లో అందరికీ వింతయిపోయింది. మా వార్డెనమ్మ ముందూ వెనకా తిప్పి చూసి, ఉత్తరాలు రాసే మనుషులు ఇంకా ఉన్నారా అంది. మా తాతయ్య ఒక్కడే మిగిలాడని చెప్పాను.

అమ్మమ్మ వంతెన దాకా వెళ్ళిందని చదివాక రెండు రోజులు నాకు ఏ పనీ తోచలేదు. తప్పకుండా చేస్తాను. కష్టమైనది కాదు. తలుపుకి ఒక అయస్కాంతం, గడపకి ఒక స్విచ్. తలుపు మూసి ఉంటే రెండూ దగ్గరగా ఉంటాయి. తెరిస్తే దూరమవుతాయి. అది బోర్డు కనిపెట్టి బజర్ మోగిస్తుంది. అంతే.

కాని నేను వచ్చి బిగించలేను, పరీక్షలు అయ్యేదాకా పంపించరు. నువ్వే బిగించాలి. అందుకని ముందు నీకు నేర్పుతాను. మా తరగతిలో నలభై మందికి ఆరు బోర్డులే ఉన్నాయి. మేమంతా బ్రౌజర్‌లోనే నేర్చుకుంటాం. సిమ్యులేటర్ అంటారు. తెర మీదే బోర్డు, తెర మీదే తీగలు, దీపాలు. తీగ తప్పు పెట్టినా ఏమీ కాదు, మళ్ళీ మొదలుపెట్టుకోవచ్చు.

మీ వీధి చివర లైబ్రరీలో కంప్యూటర్లు ఉన్నాయిగా. అక్కడి మేడంకి ఈ ఉత్తరం వెనక రాసిన పేరూ, పాస్‌వర్డూ చూపించు. మనిద్దరికీ ఒకే బోర్డు తెరుచుకుంటుంది. నేనిక్కడ పెట్టిన తీగ నీకక్కడ కనిపిస్తుంది. నువ్వు కదిపితే నాకు కనిపిస్తుంది. నాకైతే మనిద్దరం ఒకే బల్ల దగ్గర కూర్చున్నట్టే ఉంటుంది.

ఎర్ర దీపం వెలిగించి చూడు. అదే మొదటి పాఠం.

నీ కండె

&nbsp;

జూన్ 28

కండెకి,

లైబ్రరీకి నాలుగుసార్లు వెళ్ళాను. మీ అమ్మమ్మని ఇంట్లో వదలలేను కాబట్టి తీసుకెళ్ళి పక్క కుర్చీలో కూర్చోబెట్టుకున్నాను. ఎవరో ఆఫీసరు గదికి వచ్చామనుకుందో ఏమో, చేతులు ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చుంది.

ఆ మౌసు నాకు ససేమిరా లొంగలేదు. తడి సబ్బులాగా జారిపోతుంది. మొదటి రోజు తీగ ఒక చోట పెడదామంటే ఇంకో చోట అతుక్కుంది. రెండో రోజు దీపం వెలిగించాను, అది పేలిపోయింది. తెర మీద నిప్పురవ్వ బొమ్మ వచ్చింది. మధ్యలో కరెంటుని తగ్గించే రెసిస్టర్ పెట్టకపోతే అంతేనని మేడం చెప్పింది. ఆవిడ మెల్లగా, ఎదురుగా కూర్చుని చెబుతుంది. మంచి మనిషి. మూడో రోజు రెసిస్టర్ పెట్టి వెలిగించాను. మీ అమ్మమ్మ తెర మీద వేలు పెట్టి ఆ ఎర్రచుక్కని తుడవబోయింది.

నిజం చెప్పాలంటే నీ సిమ్యులేటర్ మీద నాకు నమ్మకం లేదు. వేడి లేదు, నూనె వాసన లేదు. షెడ్డులో మగ్గం చెడిపోతే నేను చట్రానికి అరచెయ్యి ఆనించి ఏ బోల్టు వదులైందో చెప్పేవాణ్ణి. సూపర్‌వైజరు కాగితాలు తిరగేస్తూ ఉండేవాడు, నేను చెయ్యి ఆనించి చెప్పేసేవాణ్ణి. దీనికి చెయ్యి ఆనిస్తే గాజు పలక. అంతా ఒకేలా చల్లగా ఉంటుంది.

నాలుగో రోజు నువ్వు పెట్టిన బజర్ చూశాను. స్విచ్ జరిపితే దాని మీద పాటల పుస్తకంలో ఉండే గుర్తులు పైకి లేస్తున్నాయి. అవి లేస్తే మోగుతున్నట్టట. లైబ్రరీ కదా, కంప్యూటర్లకి మోత తీసేశారని మేడం చెప్పింది. మంచిదే.

ఒక మాట. ఆ బజర్ ఎందుకు? ఇంత పెద్ద దీపం పెట్టెయ్యి, తలుపు తెరిస్తే గదంతా వెలగాలి. మోత వద్దు. మీ అమ్మమ్మ బెదిరిపోతుంది.

రాసింది,
దీపం పేల్చిన తాతయ్య

&nbsp;

జూలై 6

తాతయ్యా,

పేలిన దీపాన్ని నేనూ చూశాను. మన బోర్డు మీద నిప్పురవ్వ అలాగే ఉంది. తీసెయ్యలేదు, ఉండనిచ్చాను.

దీపం గురించి ఆలోచించాను. కుదరదు. కళ్ళు మూసుకుని పడుకున్న మనిషికి దీపం ఎలా తెలుస్తుంది? అటు తిరిగి పడుకుంటే అసలే తెలియదు. మోతైతే ఎటు తిరిగినా తెలుస్తుంది. అందులోనూ నీకు. అమ్మమ్మ అందరితో ఏమనేదో గుర్తుందా? "మీ తాతవి పాము చెవులే. గుమ్మంలో ఎవరు చెప్పులు విప్పినా ఎవరో చెప్పేస్తాడు." నా చిన్నప్పుడు నేను వెనక నుంచి పిల్లిలా వచ్చినా, నువ్వు తిరక్కుండానే "ఏమే కండె" అనేవాడివి. నేను ఆశ్చర్యపోయేదాన్ని. అలాంటివాడికి బజర్ ఎక్కువే.

అమ్మమ్మ బెదిరినా ఫరవాలేదు, గడప దగ్గరే ఆగిపోతుంది. అదే కదా మనకి కావాల్సింది. నీ మాట తీసెయ్యకుండా చిన్న ఎర్రదీపం కూడా పెట్టాను.

సామానంతా పార్సిల్ చేశాను. తెర మీద ఏ రంగు తీగ ఉందో పెట్టెలోనూ అదే రంగు తీగ పెట్టాను. బోర్డులో కోడు నేనే ఎక్కించాను, నువ్వు ముట్టుకోనక్కర్లేదు. లైబ్రరీలో బొమ్మ చూసుకుని, ఇంటికి వచ్చి అలాగే గుచ్చు.

బిగించాక మోగిందో లేదో వెంటనే రాయి.

కండె

&nbsp;

జూలై 19

కండెకి,

బిగించాను. మోగింది.

నీ పార్సిల్ వచ్చిన రోజే మొదలుపెట్టాను. బొమ్మ చూసి కాగితం మీద గీసుకున్నాను. ఆ చిల్లుల పలకలో తీగలు గుచ్చడానికి నా వేళ్ళు లావయ్యాయి, మీ అమ్మమ్మ వేళ్ళు పనికొచ్చాయి. ఆవిడ కండెలకి దారం చుట్టే విభాగంలో పని చేసింది కదా, చిన్న చిల్లు కనిపిస్తే చాలు, చెయ్యి తనంతట తనే వెళ్ళిపోతుంది. ఎర్ర తీగ చూపించి చిల్లు చూపించేవాణ్ణి, గుచ్చేసేది. ఏం చేస్తున్నామో తెలియదు గాని చెయ్యి తప్పలేదు. నీ పెట్టె సగం ఆవిడే కట్టింది.

మాటలు తగ్గిపోయాయి ఆవిడకి. షెడ్డు సైగలు మాత్రం పోలేదు. నీకు తెలియదేమో, నాలుగు వందల మగ్గాలు ఆడుతుంటే పక్కవాడు అరిచినా వినపడదు. అందరం చేతులతో, పెదాలతోనే మాట్లాడుకునేవాళ్ళం. రెండు వేళ్ళు కత్తెరలా ఆడిస్తే దారం తెగిందని. పిడికిలి చెవి దగ్గర పెట్టి విప్పితే మిల్లు కూత వేశారని, షిఫ్టు అయిందని. మూత బిగించాక మీ అమ్మమ్మ నా వైపు చూసి బొటనవేలు తిప్పింది. మగ్గం సరిగ్గా ఆడుతోందని దానర్థం.

తలుపు తెరవగానే పక్క కొట్టు దర్జీ రెండు చెవులూ మూసుకుని పరిగెత్తుకొచ్చాడు. ఏమిటయ్యా ఈ గోల అన్నాడు. దర్జీ సాయంత్రం కొట్టు మూసి వాళ్ళింటికి పోతాడు కాబట్టి వాడి గొడవ మనకి లేదు. ఆదివారం మీ అమ్మ వచ్చింది. నేనేమీ చెప్పలేదు. తలుపు తోసి అదిరిపడింది. తర్వాత నవ్వింది. అమ్మ ఇక్కడే ఉండనీ నాన్నా అంది.

గెలిచాను కండె. నువ్వు గెలిపించావు.

రాసింది,
తాతయ్య. అమ్మమ్మ కూడా కింద ఒక గీత గీసింది, చూడు.

&nbsp;

ఆగస్టు 2

తాతయ్యా,

ఆ గీతని నా పుస్తకంలో దాచుకున్నాను.

మన పెట్టె సంగతి మా లెక్చరర్‌కి చెప్పాను. తరగతిలో మన సిమ్యులేటర్ బోర్డునే తెర మీద వేసి అందరికీ చూపించారు. ఇంటి అవసరం కోసం కట్టినది ఇదొక్కటేనన్నారు. పేలిన దీపం చూసి అందరూ నవ్వారు, మా తాతయ్య పేల్చాడని గొప్పగా చెప్పుకున్నాను. చదువయ్యాక ఇలాంటివే చెయ్యాలనుంది నాకు, ఇళ్ళల్లో ఉండే పెద్దవాళ్ళ కోసం.

బ్యాటరీ నెలకోసారి మార్చు, మర్చిపోకు.

ఇంకొకటి. ఈ వారంలో మూడుసార్లు ఫోను చేశాను. మోగి మోగి ఆగిపోయింది. వద్దన్నావని తెలుసు, కాని అమ్మమ్మని పలకరిద్దామని చేశాను. ఆశ్రమం విషయంలో నేను అమ్మ వైపు ఉన్నానని కోపమా? నేనలా ఎప్పుడూ అనలేదు. కోపముంటే కోపమని రాయి.

కండె

&nbsp;

ఆగస్టు 29

తాతయ్యా,

హాస్టల్‌కి వచ్చేశాను. అక్కడ నిన్ను అడగలేకపోయినవి రాస్తున్నాను.

అమ్మమ్మ ఆ రోజు వానలో తడుస్తూ మిల్లు గేటు ముందు కూర్చుందని, వాచ్‌మన్ చూసేసరికి బాగా తెల్లారిపోయిందని అమ్మ చెప్పింది. తర్వాత జ్వరం, ఊపిరితిత్తులకి నెమ్ము, తొమ్మిది రోజుల ఆసుపత్రి. నేను వచ్చేసరికి అంతా అయిపోయింది. నేను అడగాలనుకున్నది ఇది కాదు.

పెట్టె మోగలేదని నువ్వు అమ్మతో చెప్పావట. నిజమేనా?

మూడు రోజులున్నాను అక్కడ. మూడు రోజుల్లో నువ్వు నా మొహం ఒక్కసారి కూడా చూడలేదు. నేను ఎదురుగా వచ్చి కూర్చుంటే నేల చూపులు చూశావు. వెనక నుంచి పిలిస్తే పలకలేదు. పెట్టె ఒకసారి ఇవ్వు తాతయ్యా, ఎక్కడ తప్పు జరిగిందో చూస్తానంటే, పారేశానన్నావు. నీ కోపం నాకు అర్థమైంది.

ఇక్కడికి వచ్చాక మన బోర్డు తెరిచాను. తలుపు స్విచ్ నూరుసార్లు జరిపాను. నూరుసార్లూ మోగింది. అప్పుడు నాకు భయం వేసింది. సిమ్యులేటర్‌లో బ్యాటరీ ఎప్పటికీ అయిపోదు తాతయ్యా. వాన పడి తలుపు చెక్క ఉబ్బదు. తీగ వదులవ్వదు. తేమకి తుప్పు పట్టదు. నేను వీటిలో ఏ ఒక్కదాన్నీ చూసుకోలేదు. తెర మీద ఆడింది కదా అని పంపించేశాను. లెక్చరర్ మెచ్చుకుంటే పొంగిపోయాను. అక్కడ అమ్మమ్మ ప్రాణం దాని మీద పెట్టుకుని నువ్వు నిద్రపోయావు.

నేను నిన్ను క్షమించమని అడగను. ఏం తప్పు చేశానో చెబితే చాలు. ఆ రోజు పొద్దున ఎర్రదీపమైనా వెలుగుతోందా? అది ఒక్కటి రాయి.

కండె

&nbsp;

సెప్టెంబర్ 7

కండెకి,

అయిందేదో అయింది. నీ తప్పేమీ లేదు. ఆవిడకి టైమొచ్చింది, పోయింది. దీపం సంగతి నాకు గుర్తు లేదు.

చదువు మీద మనసు పెట్టు. ఆ పెట్టె మాట ఇంక ఎత్తకు.

తాతయ్య

&nbsp;

సెప్టెంబర్ 24

తాతయ్యా,

ఈ ఉత్తరం నీ తలుపు గొళ్ళేనికి తగిలించి వెళ్తున్నాను, నీ అరుగు మీదే కూర్చుని రాస్తున్నాను.

ఎదురుగా మాట్లాడదామని వచ్చాను. పొద్దున తొమ్మిదింటి నుంచి కొట్టాను తలుపు. లోపల గడియ ఉంది. కిటికీలోంచి నీ వీపు కనిపించింది, బల్ల దగ్గర కూర్చుని ఉన్నావు. పిలిచాను. గట్టిగా పిలిచాను. దర్జీ కూడా బయటికి వచ్చి చూశాడు. నువ్వు కదల్లేదు.

నా తప్పేమీ లేదని నువ్వు రాసినప్పుడే అర్థం చేసుకోవాల్సింది. నా మొహం చూడటం కూడా ఇష్టం లేక రాసిన మాట అది. గుమ్మంలో చెప్పులు విప్పినా చెప్పేసేవాడివి, ఇంతసేపు కొడితే వినపడలేదని నేనెలా అనుకోను?

సంచిలో నా సామానుంది. బోర్డులు, తీగలు, మోటార్లు, అన్నీ. నా దగ్గర ఉంచుకోలేను. పారేసినా సరే. కాలేజీకి రానని చెప్పేశాను. వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి బట్టల షాపులో కౌంటర్ దగ్గర పని. ఎవరి ప్రాణమూ నా చేతి మీద ఆధారపడని పని.

ఆరోగ్యం జాగ్రత్త.

కండె

&nbsp;

సెప్టెంబర్ 26

అమ్మా కండె,

ఈ ఉత్తరం రెండు రోజుల నుంచి రాస్తున్నాను. మొత్తం చదివాక కోపం తెచ్చుకో, మధ్యలో ఆపకు.

నువ్వు తలుపు కొట్టావని నాకు తెలియదు. మధ్యాహ్నం బయటికి వస్తే గొళ్ళేనికి సంచి ఉంది. దర్జీ చేతులు ఊపుతూ ఏదో చెప్పాడు. నీ ఉత్తరం చదివాక తెలిసింది. వీధి చివరిదాకా పరిగెత్తాను. బస్సు ఎప్పుడో వెళ్ళిపోయింది.

నాకు వినపడదు.

ఈ మాట రాయడానికి రెండు రోజులు పట్టింది. నోటితో ఎవరికీ చెప్పలేదు ఇంతవరకు. షెడ్డులో చేరిన ఐదారేళ్ళకే మొదలైంది. నలభై ఏళ్ళు వచ్చేసరికి కుడి చెవి పూర్తిగా పోయింది. ఎడమ చెవి మిల్లు మూసేలోపు పోయింది. షెడ్డులో ఎవరికీ ఎవరి మాటా వినపడదు కాబట్టి నా సంగతి ఎవరికీ తెలియలేదు. తెలిస్తే ఫిట్టరు పని తీసేసి గేటు దగ్గర చీపురు ఇచ్చేవాళ్ళు. మీ అమ్మమ్మకి ఒక్కదానికే తెలుసు. రోజూ షిఫ్టు అయ్యే టైముకి వాళ్ళ విభాగంలోంచి వచ్చి, నా మగ్గాల వరసకి ఎదురుగా నిలబడి, పిడికిలి చెవి దగ్గర పెట్టి విప్పేది. మిల్లు కూత నాకు ఆవిడ చేతిలోనే మోగేది.

ఇంట్లోనూ అంతే. నువ్వు పిల్లిలా వెనక నుంచి వచ్చినప్పుడు ఆవిడ నా ఎదురుగా పొయ్యి దగ్గర ఉండేది. చిటికెన వేలు ఎత్తేది. చిటికెన వేలంటే నువ్వు. చూపుడు వేలంటే మీ అమ్మ. అది చూసి "ఏమే కండె" అనేవాణ్ణి. పాము చెవులు నావి కావమ్మా. ఆవిడవి.

మనుషులు ఎదురుగా ఉంటే పెదాలు చూసి నెట్టుకొచ్చేస్తాను. ఫోనుకి పెదాలుండవు. నీ మీద కోపం ఏనాడూ లేదు.

ఇంక పెట్టె సంగతి. తెర మీద పాట గుర్తులు లేస్తుంటే చూసి మోగుతోందన్నాను. దర్జీ చెవులు మూసుకుంటే చూసి మోగుతోందన్నాను. మీ అమ్మ అదిరిపడితే చూసి, గెలిచానని రాశాను. నేను విన్నది ఏమీ లేదు. నాకు చెవుడని చెబితే మీ అమ్మ ఆ క్షణమే ఆవిణ్ణి తీసుకుపోయేది. చెవిటివాడు, మతి లేని మనిషి, ఇద్దరినీ ఒక ఇంట్లో ఎవరు వదులుతారు? ఆ పెట్టె నన్ను లేపుతుందని నేను అనుకోలేదు. మీ అమ్మకి చూపించడానికి పెట్టుకున్నాను. ముప్పై ఎనిమిదేళ్ళ అలవాటు, ఆవిడ కన్నా ముందే లేస్తాను, నేనే చూసుకుంటాననుకున్నాను. చాలా రోజులు లేచాను కూడా. ఆ రోజు చల్లగా ఉంది. లేవలేదు.

ఆ రోజు పొద్దున ఎర్రదీపమైనా వెలుగుతోందా అని అడిగావు. గుర్తు లేదని రాశాను. అబద్ధం. వెలుగుతోంది. నేను కళ్ళు తెరిచేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది, జల్లు లోపలికి కొడుతోంది, గడప పక్కన ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. ఎంతసేపటి నుంచి మోగుతోందో నాకు తెలియదు. ఆవిడ గడప దాటినప్పటి నుంచి, నా తలకి నాలుగు అడుగుల దూరంలో, నువ్వు కట్టినది కట్టినట్టే మోగుతూ ఉంది. నేను దాని పక్కనే పడుకుని ఉన్నాను.

బ్యాటరీ తీగ పీకేసి పెట్టెని ట్రంకులో దాచాను. మీ అమ్మ అడిగితే మోగలేదన్నాను. నా పరువు దక్కించుకుని ఆ తప్పు నీ నెత్తిన పెట్టాను. మూడు రోజులు నీ మొహం చూడలేదంటే, చూస్తే నీ పెదాల మీద ఏముందో చదవాల్సి వస్తుందని.

ఆసుపత్రిలో ఏడో రోజు ఆవిడ కళ్ళు తెరిచి నన్ను చూసింది. చెయ్యి లేపే ఓపిక లేదు, అయినా లేపింది. పిడికిలి చెవి దగ్గర పెట్టి విప్పింది. తర్వాత చెయ్యి తిప్పి నా వైపు చూపించింది. కూత వేశారు, నువ్వు రాలేదేం అని. ఆ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

నువ్వు వచ్చి తలుపు కొట్టిన రోజున ఆ పెట్టే బల్ల మీద పెట్టుకుని చూస్తూ ఉన్నాను. నిన్న దాన్ని మళ్ళీ గడపకి బిగించాను. తీగలన్నీ గట్టిగానే ఉన్నాయి, ఆవిడ గుచ్చినవి కదా. పాత బ్యాటరీయే పెట్టాను. అది కూడా అయిపోలేదు. తలుపు తెరిచి బజర్ మీద వేలు పెట్టాను. షెడ్డులో మగ్గం చట్రానికి చెయ్యి ఆనించినట్టు ఆనించాను. వణికింది. సన్నగా, ఎక్కడా తడబడకుండా, కొత్త మగ్గంలాగా. తలుపు నూరుసార్లు తెరిచాను. నూరుసార్లూ వణికింది. ముప్పై ఎనిమిదేళ్ళు నేను చెయ్యి ఆనించి చెప్పింది ఎప్పుడూ తప్పు కాలేదు. ఇదీ కాదు. నీ పెట్టె మోగింది కండె.

ఇదే మాట మీ అమ్మకీ రాసి పంపాను. నీ లెక్చరర్ పేరు తెలియదు, తెలిస్తే ఆయనకీ రాస్తాను.

ఈ రోజు లైబ్రరీకి వెళ్ళాను. నాకు వినపడదని మేడంకి చెప్పాను. అందుకే మొదటి రోజు నుంచి ఎదురుగా కూర్చుని చెబుతున్నానని చీటీ మీద రాసి చూపించింది. ఎవరికీ తెలియదనుకున్నాను.

మన బోర్డు తెరిచాను. నీ బజర్ పక్కన ఒక చిన్న మోటారు పెట్టాను, ఫోను వణకడానికి దాంట్లో పెడతారట, అది. అలాంటిది నీ సంచిలో కూడా ఉంది. గుమ్మం బయట ఒక మీట ఉండాలి. అది నొక్కితే నా కుర్చీ చేతికి కట్టిన ఈ మోటారు వణకాలి. మళ్ళీ నువ్వు వచ్చినప్పుడు నాకు తెలియాలి.

మోటారుకి ఒక కాలు కలిపాను. దీపం పేలినట్టు ఇదీ పేలుతుందేమోనని రెండోది కలపలేదు. పచ్చ తీగ. దాని కొస అలాగే వదిలేసి వచ్చాను, తెరిస్తే కనిపిస్తుంది. ఎక్కడ పెట్టాలో నాకు తెలియదు. నువ్వు పెట్టు.

రాసింది,
చెవిటి తాతయ్య